వినయ్ వంతు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి తెనాలిలో మా వీధి వాళ్ళకీ, మా అమ్మ జైనబ్ బీకీ, బాపట్ల పాసింజర్లో రోజూ సీటు దగ్గర నాతో గొడవపడే ఉద్యోగస్తులకీ ఎప్పుడో తెలుసు. బి.ఎడ్. రెండో ఏడాదిలో మా ఫ్లోరెన్స్ మేడమ్‌కి కూడా తెలిసిపోయింది. అందుకే కాబోలు, గ్రూపులు వేసేటప్పుడు నన్ను నిలబెట్టి, "తబస్సుమ్, మీ గ్రూపులో నీ పని వినడం. మాట్లాడటం కాదమ్మా, వినడం" అన్నారు. క్లాసంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేడమ్ మాకు సైకాలజీ చెప్పేవారు. ఆ ఏడాది కొత్త పద్ధతి ఒకటి పట్టుకొచ్చారు. నలుగురేసి ఒక గ్రూపు. ఒక పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి నేర్చుకుని మిగతా ముగ్గురికీ నేర్పాలి. చివర్లో నలుగురూ కలిసి ఏదో ఒక హైస్కూల్లో, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు ఆ పాఠం చెప్పాలి. నలుగురిలో ఎవరికి తక్కువ మార్కులొస్తే అందరికీ అవే మార్కులు. ఆ రోజు హాజరు కాని వాళ్ళకి మాత్రం వాళ్ళ పేపరు పోయినట్టే, ఏడాది ఆగాలి. "టీచరయ్యేవాడికి పాఠం వస్తే చాలదు. ఎదుటివాడి మనసు కనిపెట్టడం రావాలి. ముందు తన మనసు తనకి తెలియాలి. అది పుస్తకంలో దొరకదు, నలుగురిలో కూర్చుంటేనే వస్తుంది" అనేవారు మేడమ్.

దానికోసం ప్రతి బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గుండ్రంగా కూర్చోబెట్టేవారు. ఫోన్లన్నీ మధ్యలో పెట్టిన డబ్బాలో పడాలి. మా గ్రూపుకి ఆ డబ్బా దీవెనది. రేపల్లె నుంచి వాళ్ళమ్మ పులిహోర పెట్టి పంపే పెద్ద స్టీలు డబ్బా. ఎంత కడిగినా మా ఫోన్లకి ఇంగువ వాసన పోయేది కాదు. ఒక్కొక్కరూ తన వంతు రాగానే ఆ రోజు తన మనసు ఎలా ఉందో చెప్పాలి. ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు ఆ మాటనే తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్ళు "అవును, అదే" అంటేనే వంతు అయిపోయినట్టు. అప్పుడే పక్కవాళ్ళు మొదలుపెట్టాలి.

మొదట్లో అదొక పెద్ద తమాషా. "బాగానే ఉన్నాను." "దీవెన బాగానే ఉందట." "అవును, అదే." అటెండెన్సు పిలిచినట్టు నాలుగు వంతులూ చిటికెలో అయిపోయేవి. అంగలకుదురు కార్తీక్ అయితే, "నాకు ఆకలిగా ఉంది" అని ఎడమ పక్కవాళ్ళ నోటితో, "కార్తీక్‌కి ఆకలిగా ఉందట" అనిపించి ఆనందించేవాడు. నన్ను వాడు మిరపకాయ్ అక్కా అని పిలిచేవాడు. నా కంటే ఆరు నెలలు పెద్దవాడు, వాడికి నేను అక్కనట.

రోజులు గడిచేకొద్దీ మాటలు కాస్త ముదిరాయి. హాస్టల్లో రూమ్మేట్ తనతో మాట్లాడటం మానేసిందని దీవెన ఏడ్చింది. టెట్ రెండుసార్లు పోయిన తన అన్నని ఇంట్లో అందరూ దెప్పుతుంటే తనకి చదవాలంటేనే భయమేస్తోందని కార్తీక్ చెప్పాడు. నేను కూడా చెప్పాను. కోపం వచ్చి అరిచేశాక నాకు నా గొంతే వినబడుతూ ఉంటుందనీ, అన్నం సయించదనీ. దీవెన దాన్ని తిరిగి చెప్పింది. నా మాట ఇంకొకరి నోట విన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబ్బో, ఈ మేడమ్ మామూలు మనిషి కాదు అనుకున్నాను.

మిగిలింది వినయ్ కుమార్. చుండూరు వాడు. నాన్న అంద్రెయ, అమ్మ రాజమ్మ, ఇద్దరూ వ్యవసాయ కూలీలు. తెనాలిలో నేను ఎక్కి, పక్కన నా బ్యాగు పెట్టేదాన్ని. చుండూరులో అతను ఎక్కి ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. బాపట్ల దాకా కూడా మహా అయితే రెండు మాటలు. గుండ్రంగా కూర్చున్నప్పుడు అతనికి ఎడమ పక్క నేను. ప్రతి వారం అతను "బాగానే ఉన్నాను" అనేవాడు, నేను "బాగానే ఉన్నాడట" అనేదాన్ని.

మా గ్రూపు పాఠం గుండె. గుండె గదులూ, రక్తం వచ్చే దారీ పోయే దారీ వినయ్ ముక్క. అతను బొమ్మలు బాగా వేస్తాడు. చార్టు మీద ఎరుపూ నీలం రంగులతో ఎంత చక్కగా వేశాడంటే, వేరే గ్రూపుల వాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు.

ఒక బుధవారం వినయ్ తన వంతు రాగానే "బాగానే ఉన్నాను" అనలేదు. తల గోక్కుని నవ్వాడు.

"నిన్న ఇంటి దగ్గర గుండె పాఠం ప్రాక్టీసు చేశానండి. గోడకి నల్లరంగు పూసి బోర్డు చేసుకున్నాలే. పిల్లలు కావాలి కదా? మా అమ్మనీ నాన్ననీ చాప మీద కూర్చోబెట్టా. మా నాన్న ముందు బాగానే విన్నాడు. సగంలో చిటికెన వేలు ఎత్తాడు. ఏంటి నాన్నా అంటే, 'నాన్న ఏంటి, సార్ అనాలి, పేరు పెట్టి పిలవాలి, బళ్ళో అంతేగా' అన్నాడు. సరే, ఏం అంద్రెయా అన్నా. 'సార్, ఒంటేలికెళ్ళొస్తానండీ' అన్నాడు. బయటికెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చాడండి! వచ్చి మళ్ళీ వాకిట్లో నిలబడి, 'మే ఐ కమిన్ సార్' అని…"

మాకు నవ్వు ఆగలేదు. దీవెన నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కార్తీక్ నేల మీద కొట్టి మరీ నవ్వాడు. అప్పుడే డబ్బాలో ఒక ఫోను మోగింది. మోత ఆపి పెట్టినా, స్టీలు కదా, గలగల కొట్టుకుంది. వినయ్ అటు చూశాడు.

"నాదే. ఉండనివ్వండి. మా నాన్నే అయ్యుంటాడు, ఆయనకి ఆగదు. నా వంతు అవ్వనివ్వండి" అన్నాడు.

ఫోను ఆగి, మళ్ళీ కొట్టుకుంది. మళ్ళీ ఆగి, మళ్ళీ. "చూశారా, బీడీ అయిపోయినట్టుంది" అని వినయే అన్నాడు. మేం మళ్ళీ నవ్వాం. తర్వాత ఎందుకో అతనే చేయి చాపి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. అతను చెప్పింది నేనింకా తిరిగి చెప్పలేదు.

కాసేపటికి వచ్చి బ్యాగు తీసుకున్నాడు. మా వంక చూడలేదు, బోర్డు వంక చూశాడు. "నాన్న పోయాడంట. చేలో" అన్నాడు. కార్తీక్ వెంట పరిగెత్తాడు. డబ్బాలో మిగిలిన మూడు ఫోన్లూ చాలాసేపు ఎవరం తీసుకోలేదు.

చుండూరులో అంద్రెయగారి కోసం పెట్టిన ఆదరణ కూడికకి ముగ్గురం వెళ్ళాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. వినయ్ తెల్లచొక్కా వేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. మేం అతని చేయి పట్టుకున్నాం. వచ్చేటప్పుడు రైల్లో ముగ్గురం ఒక నిర్ణయానికి వచ్చాం. వినయ్ మళ్ళీ కాలేజీకి వస్తే అతన్ని పువ్వులా చూసుకోవాలి.

చూసుకున్నాం. నా తల్లో తెలివి అంతా దానికే ఖర్చయింది. అతని రికార్డు దీవెన రాసింది. లెసన్ ప్లాన్లు కార్తీక్ రాశాడు. గుండ్రంగా కూర్చున్నప్పుడు డబ్బా పెట్టడం మానేశాం, ఎందుకని ఎవరం అనలేదు, ఫోన్లు చేతుల్లోనే ఉండేవి. అతని ముందు మా మా నాన్నల ఊసు ఎత్తకూడదనుకున్నాం. కార్తీక్‌కి వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే లేచి బయటికి వెళ్ళి మాట్లాడేవాడు. ఒక ఆదివారం అతన్ని సూర్యలంక తీసుకెళ్ళాం. చేపలు వేయించి పెట్టే పాకలో కూర్చుని, సముద్రం గురించీ, ఎండ గురించీ, చేపలో ముల్లు గురించీ మాట్లాడుకున్నాం. వినయ్ ముల్లు తీస్తూ కూర్చున్నాడు.

అన్నింటికంటే పెద్ద పని, పాఠం మార్చేశాం. అంద్రెయగారు గుండె ఆగిపోయి చనిపోయారు. అలాంటిది కొడుకు చేత గుండె పాఠం చెప్పిస్తామా? మేడమ్‌ని బతిమాలి, గుండె తీసేసి వేర్లూ కాండం పాఠం పెట్టించుకున్నాం. మంచి పని చేశారని మేడమ్ మెచ్చుకున్నారు కూడా. వినయ్ వేసిన చార్టుని చుట్టచుట్టి బీరువా వెనక పెట్టేశాం. కొత్త పాఠంలో అతనికి చివరి ముక్క ఒక్కటే ఇచ్చాం. ఇంటిపని చెప్పి, పిల్లలకి థాంక్స్ చెప్పాలి, అంతే.

తన వంతు వచ్చినప్పుడు వినయ్ "బాగానే ఉన్నాను" అనేవాడు. నేను "వినయ్ బాగానే ఉన్నాడు" అనేదాన్ని. "అవును, అదే" అనేవాడు. నాలుగు నెలలు చచ్చీ చెడీ నేర్చుకున్నది మళ్ళీ మొదటికొచ్చింది. నేనేమో నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. కోపం రాలేదా అంటే వచ్చింది. అతని మీద కాదు, ఏం చేయాలో తెలియకపోవడం మీద. కానీ కోపం వచ్చిందంటే నాకు అది ఎవరి మీదో ఒకరి మీద పడాలి.

రేపల్లెలో ఎగ్జామినర్ ముందు పాఠం సోమవారం. అంతకుముందు శుక్రవారం బాపట్లలో రిహార్సల్. ముగ్గురం చెప్పేశాం. వినయ్ లేచాడు. బోర్డు దగ్గర నిలబడ్డాడు. ఇంటిపని చెప్పాలి, అదీ రెండు వాక్యాలు. నిలబడే ఉన్నాడు. అరచేతిలో సుద్దముక్క తిప్పుతున్నాడు.

"నా చార్టు ఏది?" అన్నాడు.

"ఏ చార్టు?" అంది దీవెన, తెలిసి కూడా.

వినయ్ అలాగే నిలబడ్డాడు. కార్తీక్ మెల్లగా లేచి, "పర్లేదురా, అది కూడా నేను చెప్పేస్తాలే. నువ్వు కూర్చో" అన్నాడు.

నాకు కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "ఏంటి పర్లేదు? అన్నీ మనమే చెప్తే అతనెందుకు? నెలన్నర నుంచి చూస్తున్నా. రికార్డు రాసిపెట్టాం, ప్లాన్లు రాసిపెట్టాం, నోట్లో ముద్ద పెట్టడం ఒక్కటే తక్కువ! ఏం వినయ్, మీ నాన్న పోతే నీ నోరు కూడా పోయిందా?" అన్నాను.

దీవెన, "తబ్బూ!" అంది. నా గొంతు నాకే వినబడుతోంది.

వినయ్ సుద్దముక్కని బోర్డు అంచు మీద జాగ్రత్తగా పెట్టాడు. "నీ మార్కులు పోతాయని భయం. అంతేగా? నా వల్ల ఎవరి మార్కులూ పోవు. నేను రాకపోతే నా ఒక్కడి పేపరే పోద్ది" అన్నాడు. బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పాసింజర్లో కూడా లేడు. నా పక్క సీట్లో నా బ్యాగే చుండూరు దాకా వచ్చింది, చుండూరు దాటాక కూడా అలాగే ఉంది.

మేడమ్ నన్ను ఫోన్లో కడిగేశారు. "నీకు వినడం పని ఇచ్చింది ఇందుకా?" అన్నారు. అమ్మ అన్నం పెట్టింది, నేను కలిపి వదిలేశాను. కార్తీక్ ఎన్నిసార్లు చేసినా వినయ్ ఫోను ఎత్తలేదు. తెనాలిలో సెల్‌ఫోన్ల షాపులో పనికి మాట్లాడుకున్నాడట, సోమవారం నుంచే రమ్మన్నారట, అని ఎవరో కార్తీక్‌కి చెప్పారు. సోమవారం రేపల్లె రాకపోతే ఇక అతను కాలేజీకి రాడని మా అందరికీ అర్థమైంది. చుండూరులో గోడకి నల్లరంగు పూసుకుని పాఠం చెప్పుకున్న మనిషి ఫోన్లకి గాజు అతికించుకుంటూ బతుకుతాడు. అలా చేసింది నేనే.

ఆదివారం ఒక్కదాన్నే చుండూరు వెళ్ళాను. రాజమ్మగారు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, చేతిలో పాటల పుస్తకం ఉంది. నన్ను గుర్తుపట్టి, "రా తల్లీ, కూర్చో" అని మంచం వాల్చారు. వినయ్ లేడు. షాపాయన రమ్మన్నాడని తెనాలి వెళ్ళాడట.

గోడ మీద నల్లరంగు అలాగే ఉంది. దాని మీద సుద్దతో వేసిన గుండె బొమ్మ సగం చెరిగి ఉంది. దాని ముందు ఒక నవారు మంచం అడ్డంగా పడి ఉంది.

"ఆ మంచం వాడే అట్టా అడ్డం వేశాడమ్మా. ఆయన చాపేసుకుని కూర్చుంది అక్కడే. ఇంకెవురూ అక్కడ కూర్చోకూడదంట" అన్నారు రాజమ్మగారు.

నేను మొన్న అన్న మాట చెప్పేశాను. దాచుకోలేకపోయాను. తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు.

"అన్నావా? పోనీలే. నువ్వన్నా అన్నావు. మీ కాలేజీలో ఎవురూ వాళ్ళ నాన్న పేరెత్తరంట. దొంగతనం చేసి పోయినట్టు చూత్తారమ్మా, అని వాడు నాతో అన్నాడు."

నా మొహం మీద ఎవరో చెంబెడు నీళ్ళు కొట్టినట్టయింది. "మేం అతను బాధపడతాడని…" అన్నాను.

"బాధపడకుండా ఎట్టా ఉంటాడమ్మా? నాన్న పోతే." ఆమెకి కోపం లేదు, అడుగుతున్నారంతే. "ఆ గుండె పాఠం ఎందుకు తీసేశారు? వాడు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది అదేగా. ఆయన విన్న పాఠం అది. అది కూడా తీసేసుకున్నారని వాడు ఆ రోజు అన్నం తిన్లా."

బీరువా వెనక చుట్టచుట్టి పెట్టిన చార్టు గుర్తొచ్చింది. మేం ముగ్గురం కలిసి, ఎంతో ఆలోచించి, ఎంతో ప్రేమగా, అతని నాన్న విన్న పాఠాన్ని అక్కడ కుక్కేశాం. మమ్మల్ని చూసి మేడమ్ మెచ్చుకున్నారు కూడానూ!

"ఆ రోజు ఫోను వెంటనే ఎత్తలేదని కుమిలిపోతున్నాడా అమ్మా?" అని అడిగాను.

"ఫోను చేసింది నేను. నేను చేసేటప్పటికే అయిపోయింది తల్లీ. వాడు ఎత్తినా ఏం లేదు, ఆయన మాట వినబడేది కాదు. ఎన్నిసార్లు చెప్పానో. సరే అంటాడు, మళ్ళా గోడ వంక చూత్తాడు."

బయటికొచ్చి కార్తీక్‌కి ఫోన్ చేశాను. గుండె పాఠమే చెప్తున్నాం, చార్టు పట్టుకురా, మేడమ్‌తో నేను మాట్లాడతా అన్నాను. మేడమ్ ముందు కుదరదన్నారు, ఎగ్జామినర్‌కి ప్లాను వెళ్ళిపోయిందన్నారు. నేను రాజమ్మగారన్న మాట చెప్పాను. "సరే, ఆయనకి నేను చెప్పుకుంటాను" అన్నారు. వినయ్‌కి మెసేజ్ పెట్టాను: "గుండె పాఠం నీదే. రేపు రేపల్లె. నేనన్న మాట తప్పు. నువ్వు రాకపోతే మళ్ళీ అంటాను." రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

సోమవారం ఉదయం రేపల్లె రైల్లో నేనూ కార్తీక్ కూర్చున్నాం, మధ్యలో నా బ్యాగు. చార్టు కార్తీక్ ఒళ్ళో ఉంది. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదికే చూస్తూ ఉన్నాం. వినయ్ రాలేదు. కార్తీక్ ఒక్క జోకు కూడా వేయలేదు.

స్కూల్లో దీవెన మా కోసం గేటు దగ్గరే ఉంది, చేతిలో పులిహోర డబ్బా. ఎగ్జామినర్ బసవపున్నయ్య గారు అప్పటికే వచ్చి మేడమ్ పక్కన కుర్చీలో కూర్చుని, గడియారం చూసుకుంటున్నారు. "నలుగురన్నారు, ముగ్గురే కనబడుతున్నారేంటమ్మా?" అన్నారు. "వస్తున్నాడండి" అన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలియదు.

దీవెన మొదలుపెట్టింది. తర్వాత కార్తీక్. తర్వాత నేను. వినయ్ ముక్క వచ్చింది. కార్తీక్ నా వంక చూశాడు, నేను చెప్పనా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. బసవపున్నయ్య గారు పెన్ను క్యాపు తీశారు.

అప్పుడు గుమ్మంలో వినయ్ నిలబడి ఉన్నాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. బస్సులో వచ్చాడట, దారిలో టైరు పోయిందట, అదంతా తర్వాత తెలిసింది. తిన్నగా వెళ్ళి కార్తీక్ చేతిలోంచి చార్టు తీసుకుని మేకుకి తగిలించాడు.

గొప్పగా చెప్పాడని అనను. కుడి గది చెప్పబోయి ఎడమ గది చెప్పి, నాలిక కరుచుకుని దిద్దుకున్నాడు. రక్తం ఊపిరితిత్తుల నుంచి తిరిగొచ్చే దారి దగ్గరికి వచ్చేసరికి, రెండో బెంచీలో ఒక పిల్ల చిటికెన వేలు ఎత్తింది.

"సార్, ఒంటేలికెళ్ళొస్తానండీ."

వినయ్ ఆగిపోయాడు. చేతిలోని కర్ర గుండె బొమ్మ మీదే ఉంది. ఆ పిల్ల వేలు ఎత్తి అలాగే ఉంది. దీవెన నా చేయి గట్టిగా పట్టుకుంది. నాకు కేక పెట్టాలనిపించింది, ఆ పిల్లని నేనే బయటికి లాక్కెళ్ళాలనిపించింది. కదల్లేదు. పళ్ళు బిగించి కూర్చున్నాను.

"వెళ్ళిరామ్మా. తొందరగా వచ్చేయ్. నువ్వొచ్చాక మళ్ళీ చెప్తా" అన్నాడు వినయ్. ఆ పిల్ల వచ్చిందాకా ఆగి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు.

పిల్లలు మధ్యాహ్న భోజనానికి వెళ్ళాక చివరి పని మిగిలింది. ఎగ్జామినర్ ముందు గుండ్రంగా కూర్చుని మా వంతులు మాట్లాడుకోవాలి. దానికీ మార్కులున్నాయి. "ఏంటి మేడమ్, భజనా?" అన్నారు బసవపున్నయ్య గారు. మేడమ్ నవ్వలేక నవ్వారు. నలుగురం నేల మీద కూర్చున్నాం. వినయ్‌కి ఎడమ పక్క నేను.

"డబ్బా ఏది?" అన్నాడు వినయ్.

దీవెన లేచి, డబ్బాలో పులిహోర మూతలోకి వంపి, ఖాళీ డబ్బాని చున్నీతో తుడిచి మధ్యలో పెట్టింది. వినయ్ తన ఫోను తీసి అందులో వేశాడు. ఠంగుమంది. తర్వాత మా ముగ్గురి ఫోన్లూ పడ్డాయి.

"నాది పాత వంతు ఒకటి మిగిలిపోయింది. ముందు అది చెప్తా" అన్నాడు. "ఆ బుధవారం ఫోన్ మోగుతుంటే నేను ఎత్తలేదు."

ఆగిపోయాడు. నేను తిరిగి చెప్పాలి. ఆదివారం నుంచి నా దగ్గర సిద్ధంగా ఉన్న మాట అది. "ఆ రోజు ఫోన్ ఎత్తలేదని నీకు బాధగా ఉంది. కానీ వినయ్, అప్పటికే అయిపోయిందని మీ అమ్మగారు…"

"కాదు" అన్నాడు.

ఆ మాట మా వలయంలో అంతకుముందు ఎవరూ అనలేదు. ఇన్నాళ్ళూ ఎవరేం చెప్పినా, తిరిగి ఎవరేం చెప్పినా, "అవును, అదే" అనే అనుకున్నాం. బసవపున్నయ్య గారు కాగితం మీంచి తల ఎత్తారు. నాకు చర్రున కోపమొచ్చింది. కాదేంటి, మీ అమ్మ చెప్పింది, అందరం అదే అనుకున్నాం కదా! నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"అయితే నాకు తెలియదు. మళ్ళీ చెప్పు, వింటాను" అన్నాను.

వినయ్ డబ్బా వంకే చూస్తున్నాడు.

"ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే. అది నాకు తెలుసు. అమ్మ రోజూ చెప్తానే ఉంది. అది కాదు. ఆ ఫోను అట్టా కొట్టుకుంటుంటే నేను నవ్వుతున్నా. మీరంతా నవ్వుతున్నారు. కాలేజీలో చేరిన కాడి నుంచి నేను అంత హాయిగా ఎప్పుడూ లేను. మొదటిసారి నా మాట నలుగురు విన్నారు. మా నాన్న చేలో పడి ఉన్నాడు, అప్పుడు నేను నా బతుకులో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నా. మిమ్మల్ని చూస్తే నాకు మా నాన్న పోయింది గుర్తు రాదు. ఆ సంతోషం గుర్తొస్తది. అదీ నేను తట్టుకోలేంది."

కార్తీక్ మొహం తిప్పుకున్నాడు. దీవెన ఏడుస్తోంది. నేను తిరిగి చెప్పాలి. నా గొంతు నాకు వినబడలేదు, అతనిదే వినబడుతోంది.

"ఆ రోజు నువ్వు మాతో చాలా సంతోషంగా ఉన్నావు" అన్నాను. "సరిగ్గా అప్పుడే మీ నాన్న, అంద్రెయగారు, చనిపోయారు. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో నీకు తెలియడం లేదు."

బయట పిల్లల కంచాల చప్పుడు వినబడుతోంది. బసవపున్నయ్య గారు గడియారం చూడలేదు. వినయ్ అరచేత్తో మొహం తుడుచుకుని, నా వంక తిరిగాడు.

"అవును" అన్నాడు. "అదే."